వాలిన మెడతో నాలుగు ఊళ్ళు

అద్దంకి నుంచి పిడుగురాళ్ల, అక్కణ్ణుంచి గుంటూరు, గుంటూరు నుంచి వేటపాలెం, మళ్ళీ అద్దంకి. మొత్తం నాలుగు రోజులు. కాశీ కాదు, రామేశ్వరం కాదు, ఇదో యాత్రా అని నవ్వితే నవ్వండి. గుడికి వెళ్ళలేదు. వేటపాలెం దాకా వెళ్ళి సముద్రం ముఖం చూడలేదు. ఏడు నెలల పిల్లను ఒళ్ళో వేసుకుని, దాని మెడ ఎప్పుడు నిలబడుతుందా అని చూస్తూ తిరిగాం. ఇలాంటి పిల్ల ఉన్న ఇల్లు ఎక్కడో ఒకటి ఉంటుందని, వాళ్ళ కోసం రాస్తున్నాను. మిగతావాళ్ళు మధ్యలో ఆపేసినా నేనేమీ అనుకోను. అనుకునే ఓపిక కూడా లేదు.

నా పేరు సుధ. అద్దంకిలో జూనియర్ కాలేజీ పిల్లలకు లెక్కలు చెబుతాను. మా ఆయన రమేష్ వ్యవసాయం చేస్తాడు, ఆరెకరాల మిరప, కాస్త పత్తి. మాతో మా అత్తయ్య ఉంటుంది. మా పాప పేరు లాస్య. దానికి మూడో నెల నిండిన వారానికి, ఒకరోజు పొద్దున లేచేసరికి తల కుడి భుజం మీదికి వాలిపోయి ఉంది. సరిచేయబోతే కెవ్వుమంది. పాలు తాగినవి తాగినట్టే కక్కేసింది, ముఖం పాలిపోయింది. రెండు రోజులు అలాగే ఉండి, మూడోరోజు ఏమీ జరగనట్టు తల నిలబెట్టి నవ్వింది. హమ్మయ్య అనుకున్నాం. నెల తిరగకముందే మళ్ళీ వాలింది, ఈసారి ఎడమ పక్కకి.

ఊళ్ళో డాక్టరు మెడ పట్టేసిందన్నాడు. ఇంకో డాక్టరు ఫిట్సేమో అన్నాడు. కళ్ళ డాక్టరు కళ్ళు బాగున్నాయన్నాడు. ఎదురింటావిడ దిష్టి అంది. పక్కింటి లక్ష్మిగారు పక్షి దోషం అంది. "లెక్కల మేడంగారికి పిల్లను ఎత్తుకోవడం రాదులే" అని మా వీధిలో ఎవరో అన్నారని నాకు చేరవేసినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ ముఖం మండ. ఆఖరికి గుంటూరులో పిల్లకు మత్తు ఇచ్చి తల స్కాన్ తీశారు. ఫలితం కోసం బుధవారం పిల్లల నరాల డాక్టరు దగ్గరికి రమ్మన్నారు. ఆదివారం మధ్యాహ్నం లాస్యకు అయిదోసారి మెడ వాలింది.

మా అత్తయ్య అప్పటిదాకా నోరు కట్టుకుని ఉంది. సోమవారం వంటింట్లో చారు దించి, స్టవ్వు ఆపి, నా వైపు తిరిగింది.

"సుధా, గుంటూరు నువ్వు చెప్పినట్టే వస్తాను. కానీ ముందు నేను చెప్పిన చోటికి నువ్వు రావాలి. పిడుగురాళ్లలో ఒక ముసలమ్మ ఉంది. ఒక్క వాత పెడుతుంది. మా ఆడపడుచు మనవడికి అలాగే తగ్గింది."

వాత అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పసుపు కొమ్మును దీపంలో కాల్చి, ఎర్రగా నిప్పు అంటుకున్న కొసను పసిబిడ్డ ఒంటి మీద పెడతారు. కడుపు ఉబ్బితే కడుపు మీద, మెడ వాలితే మెడ మీద. ఇదంతా ఎప్పటిదో అనుకుంటున్నారేమో, కాదు. మొన్న మార్చిలో మేం వెళ్ళింది దానికే.

"నేను పెట్టనివ్వను అత్తయ్యా."

"అయిదుసార్లు చూశాం. ఇంకెన్నిసార్లు చూస్తావు?"

మా ఆయన వైపు చూశాను. ఆయన పాపను భుజాన వేసుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఈ మగవాళ్ళకు గోడలో ఏం కనబడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చివరికి "వెళ్ళి చూద్దాం, చూస్తే తప్పేముంది" అన్నాడు. అలా మంగళవారం తెల్లారి బయలుదేరాం.

సంతమాగులూరు దారి

మార్చి నెలలో ఈ దారి ఎర్రగా ఉంటుంది. రోడ్డుకు రెండు పక్కలా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఆడవాళ్ళు తలకు తువ్వాలు చుట్టుకుని, ఎర్రకాయల్లోంచి తెల్లబోయిన తాలు కాయలు ఏరుతుంటారు. పత్తి చేలు అప్పటికి ఎండిన మోళ్ళు. దూరపు ఊళ్ళవాళ్ళు కారు ఆపి ఫొటోలు తీసుకుంటారు. మాకది కూలి, దగ్గు, తుమ్ములు.

సంతమాగులూరు దాటకముందే నాకు ఘాటు పట్టింది. ఈ మాట కూడా చెప్పాలి. మా పుట్టింట్లో అందరూ మిరప పనిలో పుట్టి పెరిగినవాళ్ళం. కాయల ఘాటు తలకెక్కిందంటే తలలో ఒక పక్కంతా సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. వెలుతురు చూడలేను, మాట వినలేను, వాంతి అవుతుంది. తలకు గుడ్డ బిగించి, తలుపులు మూసుకుని పడుకుంటే సాయంత్రానికి దిగుతుంది. మా అమ్మకూ అంతే. మా అమ్మమ్మకూ అంతేనట. చిన్నప్పటినుంచి దాన్ని ఘాటు పట్టడం అనే అంటాం.

చున్నీ తలకు బిగించి కట్టుకుని, వెనక సీట్లో కళ్ళు మూసుకున్నాను. ఒళ్ళో పాప తల ఎడమకు వాలి ఉంది. నా తల కిటికీకి ఆని ఉంది.

"అద్దాలు ఎక్కించరా, అమ్మాయికి ఘాటు పట్టింది" అంది అత్తయ్య ముందు సీట్లోంచి.

"నేను నెలరోజులనుంచి కళ్లంలోనే పడుకుంటున్నా, నాకెప్పుడూ పట్టదేం?" అన్నాడు మా ఆయన అద్దాలు ఎక్కిస్తూ.

"నీ తలలో ఏమైనా ఉంటే కదా పట్టడానికి" అంది వాళ్ళమ్మ. ఆ రోజంతటికీ మేం నవ్విన నవ్వు అదొక్కటే.

నరసరావుపేట

బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు, నాలుగు ఇడ్లీలు, పక్కన కారప్పొడి నెయ్యి. అద్దంకిలో ఇదే ముప్ఫై అయిదు, అయినా ఇక్కడి అల్లం పచ్చడికి ఇంకో పది ఇవ్వొచ్చు. నేను తినలేకపోయాను కానీ వాసన గుర్తుంది.

పక్క బల్ల మీద కూర్చున్న ఆవిడ లాస్యను చూస్తోంది. మా పిల్లను అందరూ అలాగే చూస్తారు. ముందు పిల్లను, తర్వాత నన్ను. "పిల్లకు తల కింద గుడ్డ ఎత్తు పెట్టావా అమ్మా?" అంది. పెట్టలేదండీ అన్నాను. "అయితే పెట్టకపోవడం వల్లే" అంది. పెట్టానని ఉంటే పెట్టడం వల్లే అనేది. ఈ నాలుగు నెలల్లో నాకు చుట్టాలు కానివాళ్ళు చెప్పిన వైద్యాలు రాస్తే రెండు వందల పేజీల నోటుబుక్కు చాలదు. నేను తల ఊపి లేచాను. ఆవిడ మంచిదే, వెళుతూ పాప అరికాలు ముద్దు పెట్టుకుంది.

పిడుగురాళ్ల

ఊరు దగ్గరపడుతుంటే ఎరుపు పోయి తెలుపు మొదలైంది. ఇక్కడ సున్నపు బట్టీలు. చెట్ల ఆకులు, ఇళ్ళ కప్పులు, లారీ డ్రైవర్ల కనుబొమ్మలు అన్నీ తెల్లగా ఉంటాయి. కారు దిగి పది అడుగులు వేసేసరికి మా చెప్పులు తెల్లబడ్డాయి. అత్తయ్య చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ నడిచింది.

ముసలమ్మ ఇల్లు బట్టీల వెనక సందులో ఉంది. రేకుల వసారా, అరుగు, అరుగు మీద పసిబిడ్డలతో అయిదారుగురు తల్లులు. నేనేదో పొగ, పుర్రెలు ఊహించుకున్నాను. అక్కడ గోడకు సిమెంటు కంపెనీ క్యాలెండరు, మూలన ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. ముసలమ్మ తెల్లటి నేత చీరలో, కళ్ళజోడు పెట్టుకుని, మా బడిలో పాత హెడ్‌మిస్ట్రెస్ లాగా ఉంది. నాకు కోపం రావాల్సిన మనిషి అలా ఉండేసరికి ఏం చేయాలో తోచలేదు.

మాకంటే ముందు దాచేపల్లి నుంచి వచ్చిన జంట ఉంది. వాళ్ళ బాబుకు రెండు నెలలు ఉంటాయేమో, పొట్ట ఉబ్బింది. ఆ పిల్ల తల్లి నాకంటే పదేళ్ళు చిన్నది. బాబు బట్ట ఆమే తీసింది. ఆమె భర్త బాబు కాళ్ళు పట్టుకున్నాడు. నేను లేచి సందు చివరికి వెళ్ళిపోయాను. ఏడుపు అక్కడికీ వినిపించింది. తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల తల్లి బాబును గుండెకు అదుముకుని, ఎవరి వైపూ చూడకుండా చెప్పులు వేసుకుంటోంది. నేను ఆమెను ఆపి ఏదైనా అని ఉండాల్సింది. ముందే అని ఉండాల్సింది. అనలేదు, నా వంతు తర్వాతే అన్న భయంలో ఉన్నాను.

మా వంతు వచ్చింది. నేను అడ్డం తిరగాలి కదా? ఇంట్లో అంత గట్టిగా వద్దన్నదాన్ని. నిజం చెబుతున్నాను, నాకు ఓపిక అయిపోయింది. మూడు రోజులుగా పిల్ల పాలు నిలవడం లేదు. నా తల ఒక పక్క ఇంకా అదురుతూనే ఉంది. ఇది పెడితే తగ్గుతుందేమో, తగ్గకపోతే కనీసం అందరి నోళ్ళూ మూతబడతాయి అనుకున్నాను. పాప గౌను వెనక బొత్తాలు నేనే విప్పాను. ఎవరూ విప్పమనలేదు. ఈ ముక్క రాయడానికి నాకు వారం పట్టింది.

ముసలమ్మ వంగి లాస్య ముఖం చూసింది.

"నిద్రపోతోందే."

"లేపుతాను" అంది అత్తయ్య.

"లేపకు. నిద్రపోయే బిడ్డకు పెట్టను. మా అత్త నేర్పిన పద్ధతి అది. తనంతట తాను లేచాక తీసుకురా."

మేం అరుగు మీద కూర్చున్నాం. మూడు రోజులు కన్ను మూయని పిల్ల, చెమటలు కారుతున్నా, బట్టీ లారీలు హారన్లు కొడుతున్నా కదలకుండా నిద్రపోయింది. గంట, రెండు గంటలు. మా ఆయన పక్క బడ్డీ నుంచి తెచ్చిన మజ్జిగ మా అత్తయ్య చీర మీద ఒలికింది, దానికీ పిల్ల లేవలేదు. ముసలమ్మ మధ్యలో వచ్చి, నేను వంగి కూర్చుని ఉంటే జడ కింద మెడ వైపు చూసి, "నీకు ఆ మచ్చ ఏంటమ్మా?" అంది.

"చిన్నప్పుడు అట్లకాడ తగిలిందట."

"అట్లకాడా?" అని లోపలికి వెళ్ళింది.

మూడో గంటకు లాస్య కళ్ళు తెరిచింది. ఆవులించింది. తల తిన్నగా ఉంది. నన్ను చూసి, వాళ్ళ నాన్నను చూసి, రేకు మీద కాకిని చూసి నవ్వింది. మా ఆయన గబగబా దాని గౌను బొత్తాలు పెట్టేశాడు, ఒకటి తప్పు కన్నంలో పెట్టాడు.

"మెడ నిలబడితే ఇంక నాకేం పని? వెళ్ళిరండి. మళ్ళీ వస్తే చూద్దాం" అంది ముసలమ్మ. డబ్బు తీసుకోలేదు.

కారెక్కాక అత్తయ్య వెనక్కి తిరిగింది. "చూశావా, ఆవిడ గడప తొక్కగానే నిలబడింది. ఈసారి వాలితే మాత్రం తిన్నగా ఇక్కడికే తీసుకురావాలి. మాటివ్వు సుధా."

పిల్ల నా గొలుసు పట్టుకుని లాగుతోంది. "సరే అత్తయ్యా" అన్నాను. ఆ క్షణంలో ఇంకెప్పుడూ వాలదనే అనిపించింది.

గుంటూరు

బుధవారం పొద్దున ఆసుపత్రిలో ముప్ఫైమంది తల్లులు. అందరి ముఖాలూ నా ముఖంలాగే ఉన్నాయి. డాక్టరమ్మకు యాభై ఏళ్ళుంటాయి. లాస్య ఇప్పుడు తల నిటారుగా పెట్టి ఆవిడ స్టెతస్కోపు నోట్లో పెట్టుకోబోతోంది. వాలినప్పుడు వీడియో తీశారా అని అడిగింది. మా ఆయన గర్వంగా ఫోన్ తీసిచ్చాడు. డాక్టరమ్మ వేలితో జరుపుతోంది, జరుపుతోంది.

"పాప ఎక్కడండీ? ఇవన్నీ మిరప ఆకులు."

"అది నల్ల తామర పురుగు మేడం. ఇంకొంచెం ముందుకెళ్ళండి. అది కాదు, అదీ పురుగే. ఆ, అదిగో పాప."

వీడియో రెండుసార్లు చూసింది. స్కాన్ చూసింది. పిల్ల కాళ్ళూ చేతులూ కదిపి చూసింది. అప్పుడు కళ్ళజోడు తీసి చెప్పింది. "స్కాన్‌లో ఏమీ లేదు. గడ్డలు లేవు. మీరు ముందు ఆ ఊపిరి వదలండి." నేను వదల్లేదు. ఏడవడం మొదలుపెట్టాను.

పసిపిల్లల్లో అరుదుగా ఇలా వస్తుందట. మెడ ఒక పక్కకు వాలిపోవడం, వాంతులు, చిరాకు. కొన్ని గంటలో, కొన్ని రోజులో ఉండి దానంతట అదే పోతుంది. కొన్ని వారాలకు మళ్ళీ వస్తుంది, ఒక్కోసారి రెండో పక్కకు. రెండు మూడేళ్ళు వచ్చేసరికి చాలామందికి ఆగిపోతుంది.

"మరి మందు?" అంది అత్తయ్య.

"వాంతులకు ఇస్తానమ్మా. మెడకు మందు లేదు. చీకటిగా, చప్పుడు లేకుండా పడుకోబెట్టాలి. లాగకూడదు, తిప్పకూడదు. జ్వరం వచ్చినా, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నా, లేపినా లేవకపోయినా వెంటనే తీసుకురావాలి. లేకపోతే కనిపెట్టుకుని ఉండటమే."

"ఇంత దూరం వచ్చింది మందు లేదని చెప్పించుకోవడానికా?" అని అత్తయ్య నా చెవిలో అంది. ఆ చెవిలో అన్నది గదంతా వినబడింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇంకొక్కటి. ఇలాంటి పిల్లల ఇళ్ళల్లో తరచు మైగ్రేన్ ఉంటుంది, అదే పార్శ్వపు నొప్పి. తల్లికో, అమ్మమ్మకో. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా? ఎవరికైనా చిన్నప్పుడు ఇలా మెడ వాలిందా? తెలిస్తే నాకు ఇంకొంచెం ధైర్యంగా ఉంటుంది."

"లేదండీ" అన్నాను. క్షణం కూడా ఆలోచించలేదు. ఈ ప్రశ్న ఇంతకుముందు ఇద్దరు డాక్టర్లు అడిగారు, వాళ్ళకూ అదే చెప్పాను.

"అలాగైతే ఇది అదేనని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. చూస్తూ ఉందాం" అంది.

బయటికొచ్చి కొబ్బరినీళ్ళు తాగాం. బోండాం యాభై రూపాయలు. అద్దంకిలో ముప్ఫైకే వస్తుందని అత్తయ్య ఆ కుర్రాడితో పోట్లాడింది. ఆవిడ కోపం బోండాం మీద కాదని నాకు తెలుసు.

వేటపాలెం

పుట్టింటికి అంత దగ్గరికొచ్చి చూడకుండా ఎలా పోతాం అని గురువారం వేటపాలెం వెళ్ళాం. నేను పుట్టింది ప్రత్తిపాడు పక్కన మిరప పల్లెలో. నాన్న పోయాక, తమ్ముడికి జీడిపప్పు షెడ్డులో పని దొరికితే అమ్మ వాడితో పాటు ఇక్కడికి వచ్చేసింది. వాళ్ళ వీధంతా కాల్చిన జీడిగింజల వాసన. మిరప పల్లెలో ఆడవాళ్ళు తాలు ఏరినట్టే ఇక్కడ గుండు, బద్ద, ముక్క అని పప్పు ఏరుతుంటారు. పని అదే, తుమ్ములు మాత్రం తక్కువ. ఎండలో వచ్చామని మాకోసం జీడిమామిడి పండ్లు కోసి ఉప్పు చల్లి పెట్టింది పక్కింటావిడ. గొంతు కొరుకుతుంది కానీ భలే ఉంటుంది.

పక్కింటావిడ ఎందుకు పెట్టిందంటే, అమ్మ లోపల మంచం మీద ఉంది. కిటికీలు మూసి, తలకు తువ్వాలు బిగించి కట్టుకుని.

"రా సుధమ్మా. ఘాటు పట్టిందే, లేవలేకపోతున్నా."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. "ఇక్కడ మిరపకాయలు ఎక్కడున్నాయమ్మా?"

"జీడి పొగది."

"మన ఊళ్ళో వానాకాలం కూడా వచ్చేదిగా నీకు? అప్పుడు కాయలేవి?"

"అటక మీద పాత కాయలు ఉండేవిగా."

"ఇక్కడ షెడ్డు మూసేసిన రోజుల్లో?"

అమ్మ ఆలోచించింది. "వస్తుంది. బట్టలకు పట్టి ఉంటుందేమో."

నాకు కాలేజీలో వచ్చినప్పుడు చాక్‌పీసు పొడి అనుకుంటాను. పెళ్ళిళ్ళలో వస్తే పోపు అనుకుంటాను. లెక్కలు చెప్పి బతికే మనిషిని, ఇరవై ఏళ్ళుగా నా తలనొప్పి నెలకు మూడుసార్లు వస్తుంటే, కాయలున్నా లేకున్నా వస్తోందని లెక్క వేసుకోలేదు. ముగ్గురు డాక్టర్ల ముఖం మీద మా ఇంట్లో లేదండీ అని చెప్పాను. నా చదువు తగలెయ్య.

ఇంతలో అత్తయ్య వచ్చి మంచం చివర కూర్చుంది. నేను చెప్పాల్సింది ఆవిడే చెప్పేసింది. "గుంటూరులో మందు లేదన్నారు వదినగారూ. ఈసారి మెడ వాలితే పిడుగురాళ్ల తీసుకెళ్ళి వాత పెట్టిస్తాం. మీ అమ్మాయి కూడా మాటిచ్చింది."

అమ్మ తలకు చుట్టిన తువ్వాలు పట్టుకుని లేచి కూర్చుంది. వాంతి వస్తుందేమోనని నేను బేసిన్ అందించబోయాను, పక్కకు నెట్టింది.

"వద్దు వదినగారూ. మెడ వాలడమేంటి? నాకు ఫోన్‌లో పాలు కక్కుతోందనే చెప్పారుగా?"

నిజమే. అమ్మ కంగారు పడుతుందని నేను మెడ మాట చెప్పలేదు. ఇప్పుడు మా ఆయన వీడియో పెట్టాడు. ఈసారి పురుగులు లేకుండా దొరికింది. అమ్మ ఆ వెలుతురు చూడలేక ఒక కన్ను మూసి, రెండో కంటితో చూసింది. చూసి ఫోన్ బోర్లా పెట్టింది.

"సుధకూ ఇలాగే వాలేది" అంది. "అయిదో నెలలో మొదలైంది. మా అత్తగారు, తోడికోడలు కలిసి వాత పెట్టించారు. మెడ మీద. కాళ్ళు నేనే పట్టుకున్నాను."

నా చెయ్యి జడ కిందికి పోయింది. "అట్లకాడ అన్నావు."

"ఏం చెప్పమంటావు?"

"ముప్ఫై రెండేళ్ళు అట్లకాడ అన్నావమ్మా! నేను అట్లు పోసినప్పుడల్లా చుట్టాల పిల్లలను దూరంగా ఉండండని అరుస్తాను!" నేను నిజంగానే అరిచాను. తలనొప్పి మనిషి ముందు అరవకూడదని తెలిసీ అరిచాను. నాకు అమ్మ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. బొత్తాలు విప్పిన నా చేతులు గుర్తొచ్చాక ఇంకా ఎక్కువ వచ్చింది, అది ఎవరి మీదో తెలియలేదు.

అత్తయ్య మెల్లగా అడిగింది. "మరి తగ్గింది కదా వదినగారూ, వాతతో?"

"తగ్గిందన్నారు. నెలకు మళ్ళీ వాలింది." అమ్మ గొంతు తగ్గించింది, ఇప్పటికీ ఎవరైనా వింటారేమోనన్నట్టు. "ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకో వాత పెడతారు. మెడ వాలినప్పుడల్లా గదిలో తలుపేసుకుని కూర్చునేదాన్ని. ఎవరొచ్చినా పిల్ల పడుకుంది అని చెప్పేదాన్ని. రెండేళ్ళు దాటాక అదే మానేసింది. అందరూ వాతకే మానిందనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను."

లాస్య మా అమ్మ మంచం మీద పాకుతూ వెళ్ళి తువ్వాలు కొస పట్టుకుంది. అత్తయ్య లేచి నా వెనక్కి వచ్చింది. జడ పక్కకు తీసి, ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసింది. శనగగింజంత ఉంటుంది. జడ మళ్ళీ సరిగ్గా వేసింది.

నేను గుంటూరు డాక్టరమ్మకు ఫోన్ చేసి, మాకు మైగ్రేన్ ఉందండీ, మేం దాన్ని ఘాటు అంటాం అని చెప్పాను. నాకు చిన్నప్పుడు మెడ వాలేదని కూడా చెప్పాను. "ఘాటు అనా?" అంది. "ఇకమీదట నేను ఈ జిల్లాలో ఆ మాటతోనే అడుగుతాను" అంది. ఇప్పుడు తనకు చాలావరకు అనుమానం తీరిందని, పిల్లను మూడు నెలలకొకసారి చూపించమని చెప్పింది.

మళ్ళీ అద్దంకి

శుక్రవారం ఇంకొల్లు మీదుగా ఇంటికొచ్చాం. చెరుకురసం గ్లాసు ఇరవై. దారిలో అత్తయ్య మామూలుగా రోడ్డు పక్క ప్రతి చేను చూసి, ఇది ఎవరిది, ఎన్ని టిక్కీలు, అంటే బస్తాలు, అవుతాయి అని కొడుకును విసిగిస్తుంది. ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరు కనబడే ముందు ఒక్క మాట అడిగింది.

"సుధా, ఆ నొప్పి నీకు గుర్తుందా?"

"లేదు అత్తయ్యా."

"మీ అమ్మకు గుర్తుంది" అంది.

నేనిచ్చిన మాట సంగతి ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఏమంటుందోనని భయం. ఇంటికొచ్చి సూట్‌కేసు విప్పితే బట్టల్లో ఎర్ర కారం దుమ్ము, తెల్ల సున్నం కలిసి ఉన్నాయి. రెండు నీళ్ళు పోసినా వదల్లేదు.

ఇరవై రోజులకు నేను కాలేజీ నుంచి మధ్యాహ్నం వస్తుంటే మా గేటు దగ్గర పక్కింటి లక్ష్మిగారు నిలబడి ఉంది. మా వీధి తలుపు మూసి ఉంది. పట్టపగలు మా తలుపు ఎప్పుడూ మూయం. పిల్లకు మళ్ళీ వాలిందని అర్థమైంది. అత్తయ్య దాన్ని తీసుకుని పిడుగురాళ్ల బస్సు ఎక్కేసిందేమో అనుకున్నాను. మా ఆయన చేలో ఉన్నాడు, నా ఫోన్ క్లాసులో ఆపేసి ఉంది. ఇచ్చిన మాట నాదే, నేనెవరిని అడగను?

అప్పుడు తలుపు కాస్త తెరుచుకుంది. అత్తయ్య బయటికి రాలేదు, ఆ సందులోనే అడ్డంగా నిలబడింది. వెనక ఇల్లంతా చీకటిగా ఉంది. కిటికీలకు ఆవిడ పట్టుచీరలు వేలాడదీసి ఉన్నాయి. ఆవిడ భుజం మీద నా పిల్ల, తల ఆవిడ మెడ ఒంపులోకి వాలిపోయి, కళ్ళు మూసుకుని ఉంది.

"మళ్ళీ మెడ పడిపోయిందా పిన్నిగారూ?" అంది లక్ష్మిగారు మెడ చాచి. "ఇంకా ఇక్కడే ఉన్నారేం, పిడుగురాళ్ల తీసుకెళ్ళలేదా?"

"ఎందుకు?" అంది మా అత్తయ్య. "దానికేం కాలేదు. వాళ్ళమ్మ పోలిక, ఘాటు పట్టింది. పిల్ల పడుకుంది, తర్వాత రా." నన్ను చెయ్యి పట్టి లోపలికి లాగి తలుపేసింది.